పది గేర్లా, ఆరు గేర్లా? ఆటోమేటిక్ బండి కొనేముందు తేల్చుకునే పద్ధతి

మా మేనల్లుడు ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "మామయ్యా, ఒక బండికి పది గేర్లంట, ఇంకోదానికి ఆరేనంట. ఆరు గేర్లది పాత సరుకేనా?" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెల్స్ చూసినట్టు కొందరు గేర్ల సంఖ్య చూస్తారు. అంకె పెద్దదైతే సరుకు మంచిది, అంతే. ఇంకో రకం వాళ్లు "ఎన్ని గేర్లుంటే అన్ని రిపేర్లు" అని ఆమడ దూరం జరుగుతారు. నన్నడిగితే ఇద్దరూ చూడకూడని అంకెనే చూస్తున్నారు.

"ముందు గేర్లు లెక్కపెట్టడం ఆపు. రెండు బండ్ల గేర్ రేషియోలు, ఫైనల్ డ్రైవ్ రేషియో, టైరు సైజు కనుక్కో. పెన్సిలు, కాగితం పట్టుకుని కూర్చో. తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆ వారం రోజులూ వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించేది), ప్లానెటరీ గేర్లు (వీటి సంగతి తర్వాత చెబుతాను) ఉండే మామూలు ఆటోమేటిక్ గురించి. డ్యూయల్ క్లచ్ బాక్సుల కథ వేరు, దాని జోలికి ఇప్పుడు పోను.

కాగితం మీద

గేర్ రేషియో అంటే గేర్‌బాక్సు బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగాలంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. ఫైనల్ డ్రైవ్ అంటే గేర్‌బాక్సు తర్వాత, చక్రాలకి ముందు, ఎప్పుడూ మారకుండా ఉండే ఆఖరి గేర్ల జత. మొదటి లెక్క చాలా సులువు. మొదటి గేరు రేషియోని ఆఖరి గేరు రేషియోతో భాగించండి. వచ్చినదాన్ని రేషియో స్ప్రెడ్ అంటారు. గేర్‌బాక్స్ ఎంత దూరం చేయి చాపగలదో చెప్పేది ఇదే. కింద బరువు లాగడానికి, పైన ఇంజన్ని నిదానంగా తిప్పుతూ పరిగెత్తడానికి రెండింటికీ ఎంత వీలుందో దీన్ని బట్టి తెలుస్తుంది. గేర్ల సంఖ్య మాత్రం ఆ దూరాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నదే చెబుతుంది. మేడ ఎత్తు వేరు, దానికి కట్టిన మెట్ల సంఖ్య వేరు.

నా బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చిన మూడు బాక్సులు తీసుకుందాం. జనరల్ మోటార్స్ వాళ్ల పాత నాలుగు గేర్ల 4ఎల్60-ఈ: మొదటి గేరు 3.059, నాలుగోది 0.696. స్ప్రెడ్ 4.4. జర్మనీ గేర్‌బాక్సుల కంపెనీ జెడ్ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ70: మొదటిది 4.696, ఎనిమిదోది 0.667. స్ప్రెడ్ 7.04. ఫోర్డ్ పది గేర్ల 10ఆర్80: మొదటిది మళ్లీ 4.696, పదోది 0.636. స్ప్రెడ్ 7.38.

ఈ మూడు అంకెలూ ఒక నిమిషం పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాలుగు నుంచి ఎనిమిదికి వచ్చేసరికి స్ప్రెడ్ 4.4 నుంచి 7కి ఎగబాకింది. అదే ఎనిమిది నుంచి పదికి వస్తే పెరిగింది 0.34. ఐదు శాతం కూడా లేదు. మొదటి గేరైతే అచ్చంగా అదే. అదనంగా వచ్చిన రెండు గేర్లలో చాలా భాగం మధ్యలో ఇరుక్కున్నాయి. మేడ ఎత్తు పెరగలేదు, మెట్లు దగ్గర పడ్డాయి.

రెండో లెక్క హైవే మీద ఇంజన్ ఎంత తిరుగుతుందో చూడటం. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి దాదాపు 1,667 మీటర్లు. 205/55 ఆర్16 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2 మీటర్లు పోతుంది కాబట్టి చక్రం నిమిషానికి 833 సార్లు తిరగాలి. దాన్ని ఫైనల్ డ్రైవ్‌తో, తర్వాత ఆఖరి గేరు రేషియోతో గుణిస్తే ఇంజన్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, వస్తుంది. మూడు బాక్సులకీ ఇదే టైరు, ఫైనల్ డ్రైవ్ 3.5 అనుకుని లెక్కేస్తే నాలుగు గేర్లదానికి 2,030, ఎనిమిదిదానికి 1,945, పదిదానికి 1,855 వస్తాయి.

మా వాడు ఇక్కడ ఆగిపోయాడు. "నాలుగుకీ ఎనిమిదికీ తేడా ఎనభై ఐదేనా? మరి ఇంత హడావుడి ఎందుకు మామయ్యా?"

మంచి ప్రశ్న. ఫైనల్ డ్రైవ్‌ని అలాగే ఉంచేశాం, అందుకే తేడా కనపడలేదు. ఎనిమిది గేర్ల బండిని తయారు చేసేవాడు దాన్ని 2.8కి దించేయగలడు. అప్పుడు 100 దగ్గర ఇంజన్ 1,560 దరిదాపుల్లో తిరుగుతుంది. అలా దించితే బండి కదిలేటప్పుడు లాగలేదేమో అనుకుంటారు. మొదటి గేరుని ఫైనల్ డ్రైవ్‌తో గుణించి చూడండి. నాలుగు గేర్ల బండికి 3.059 ఇంటూ 3.5, అంటే 10.7. ఎనిమిది గేర్ల బండికి 4.696 ఇంటూ 2.8, అంటే 13.1. హైవే మీద ఇంజన్ నిదానంగా తిరుగుతోంది, కదిలేటప్పుడు పాతదానికన్నా గట్టిగానే తోస్తోంది. స్ప్రెడ్ ఎక్కువైతే వచ్చే అసలు లాభం ఇది. కాబట్టి రెండు బండ్లను పోల్చేటప్పుడు ఫైనల్ డ్రైవ్ కలపకుండా ఒట్టి గేర్ రేషియోలు చూస్తే పప్పులో కాలేసినట్టే.

మూడో లెక్క ఒక గేరుకీ తర్వాతి గేరుకీ మధ్య దూరం. పాత నాలుగు గేర్లదాంట్లో మొదటి గేర్లో 5,000 దాకా లాగి రెండోది పడితే ఇంజన్ 2,650 దగ్గరికి పడిపోతుంది. చిన్న ఇంజనైతే అక్కడ నీరసపడుతుంది. ఎనిమిది గేర్లదాంట్లో అదే పని చేస్తే 3,330 దగ్గర ఆగుతుంది, పికప్ తెగదు. ఇక పది గేర్లదాంట్లో తొమ్మిది నుంచి పదికి మారితే 2,000 కాస్తా 1,850 అవుతుంది. గేరు మారిన సంగతి చెవికి కూడా తెలీదు. తెలియని మార్పు వల్ల ఒరిగేదెంత? కొంచెమే. ఆ కొంచెం ఎవరికి ఉపయోగమో తర్వాత చెబుతాను.

మీ ఇంజన్ ఎలాంటిదన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. టర్బో పెట్రోల్ ఇంజన్ 1,600 నుంచి 4,000 దాకా ఒకేలా లాగుతుంటే దానికి మెట్లు దగ్గరగా ఉండాల్సిన పని లేదు, ఆరు గేర్లతో హాయిగా పోతుంది. టర్బో లేని చిన్న ఇంజన్ పైన తిరిగితేగాని లాగదు, దానికి దగ్గర మెట్లు కావాలి. డీజిల్ తిరిగే పరిధే చిన్నది, దానికీ గేర్లు పనికొస్తాయి. భారీ లారీలకు పన్నెండు, పదహారు గేర్లు ఉండటానికి కారణం ఇదే. బరువు కొండంత, ఇంజన్ తిరిగే పరిధి మాత్రం పిడికెడు.

లోపల ఏముందో చూస్తే

గేర్లు ఎప్పుడూ పెరుగుతూనే వచ్చాయనుకుంటారు. అలా జరగలేదు. జనరల్ మోటార్స్ వాళ్ల 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో వచ్చిన హైడ్రామాటిక్‌కి నాలుగు గేర్లు. పదేళ్ల తర్వాత, 1950లో, అదే కంపెనీ షెవ్రొలే బండ్లకి ఇచ్చిన పవర్‌గ్లైడ్‌కి రెండే. అది 1973 దాకా నడిచింది. టార్క్ కన్వర్టర్ బండి కదిలేటప్పుడు టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, దాదాపు రెట్టింపు చేసి ఇస్తుంది కాబట్టి రెండు గేర్లతో పని జరిగిపోయేది. పెట్రోలు ఎంత తాగుతోందని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ లెక్క మొదలయ్యాకే పరుగు మొదలైంది. 2001లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌కి ఆరు, 2003లో మెర్సిడెస్‌కి ఏడు, 2006లో లెక్సస్ ఎల్ఎస్ 460కి ఎనిమిది, 2013లో తొమ్మిది, 2017కి పది.

ఇన్ని గేర్లుంటే లోపల సామాను రెట్టింపై ఉంటుందనుకోవడం సహజం. మొదటిసారి 8హెచ్‌పీ విప్పిన రోజు నేనూ అలాగే అనుకుని పెద్ద బల్లంతా ఖాళీ చేసుకున్నాను. పనయ్యాక చూస్తే సగం బల్ల ఖాళీగానే ఉంది.

కారణం ఇది. ప్లానెటరీ సెట్ అంటే మధ్యలో సన్ గేర్, చుట్టూ తిరిగే చిన్న గేర్లు, వాటిని చుట్టి రింగ్ గేర్. వీటిలో దేన్ని పట్టి ఆపుతున్నాం, దేన్ని దేనితో కలుపుతున్నాం అన్నదాన్ని బట్టి రేషియో మారుతుంది. పట్టే పని క్లచ్ ప్యాకులది, బ్రేకులది. ఆరు గేర్ల 6హెచ్‌పీలో ఇవి ఐదు. ఎనిమిది గేర్ల 8హెచ్‌పీలోనూ ఐదే! నాలుగు ప్లానెటరీ సెట్లని తెలివిగా జత చేసి, ఒక్కో గేర్లో మూడింటిని పట్టి రెండింటిని వదిలేస్తారు. ఆరు గేర్లదాంట్లో రెండు పట్టి ఉంటాయి, మూడు వదిలి ఉంటాయి. వదిలేసిన క్లచ్ ఖాళీగా కూర్చోదు. ఆయిల్లో తిరుగుతూ రాపిడితో శక్తి తింటుంది. అవి ఎంత తక్కువైతే అంత మంచిది. పది గేర్ల 10ఆర్80లో క్లచ్‌లు, బ్రేకులు కలిపి ఆరు. అందులోనూ ఏ గేర్లోనైనా వదిలి ఉండేవి రెండే.

8హెచ్‌పీ వచ్చినప్పుడు, తమ రెండో తరం ఆరు గేర్ల బాక్సుతో పోలిస్తే ఇంధనం 6 శాతం ఆదా అవుతుందని జెడ్ఎఫ్ ప్రకటించింది. ఆ ఆదా అంతా రెండు గేర్లు ఎక్కువవడం వల్లే వచ్చిందనుకోకండి. వదిలిన క్లచ్‌లు తగ్గడం, కన్వర్టర్‌ని త్వరగా లాక్ చేయగలగడం (ఆయిల్లో జారకుండా ఇంజన్‌ని గేర్‌బాక్సుతో నేరుగా కలిపేయడం), స్ప్రెడ్ పెరగడం, అన్నిటికీ అందులో వాటా ఉంది.

గేర్లు ఎక్కువైతే అంత మంచిదన్న మాట నిజమైతే సీవీటీతో, అంటే గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్‌తో, కథ ఎప్పుడో ముగిసిపోవాలి. దానికి మెట్లే లేవు, ఎన్ని రేషియోలు కావాలంటే అన్ని. కానీ బెల్టు జారకుండా పుల్లీల మధ్య గట్టిగా నొక్కి పట్టడానికి ఆయిల్ పంపు ఎడతెగకుండా కష్టపడాలి, ఆ శక్తి ఎక్కడినుంచో రావాలి. 2018లో టయోటా ఏం చేసిందో తెలుసా? సీవీటీకి బండి కదలడానికని ఒక మామూలు గేరు తగిలించింది. అంతులేని రేషియోలున్న బాక్సుకి ఒక గేరు అవసరమైంది! ఇది చెబితే మా వాడు పగలబడి నవ్వాడు.

మరి క్లిష్టత ఎక్కడుంది? ఇనుములో తక్కువ, ఆయిల్‌ని నడిపించే బుర్రలో ఎక్కువ. గేరు మారడమంటే ఒక క్లచ్ వదులుతుండగానే ఇంకోటి పట్టుకోవాలి. ముందే పట్టుకుంటే జర్క్, ఆలస్యమైతే ఇంజన్ ఊరికే అరుస్తుంది. సెకనులో చిన్న ముక్కలో జరిగిపోయే ఈ చేతిమార్పుని సోలినాయిడ్ల (కరెంటుతో కదిలి ఆయిల్ దారులు తెరిచి మూసేవి) ద్వారా కంప్యూటర్ నడిపిస్తుంది. క్లచ్ ప్లేట్లు అరుగుతున్న కొద్దీ తన లెక్క తనే సరిచేసుకుంటుంది. పది గేర్లంటే పక్కపక్క మార్పులే ఎక్కడానికి తొమ్మిది, దిగడానికి తొమ్మిది. వీటిమీద గేర్లు దాటుకుంటూ దూకడాలు. 8హెచ్‌పీ అయితే ఎనిమిది నుంచి నేరుగా రెండుకి దిగగలదు. ఇందులో ప్రతిదాన్నీ కూర్చుని ట్యూన్ చేయాలి. ఒక్కటి సరిగ్గా కుదరకపోయినా రోజూ ఆఫీసు దారిలో మీకు తగిలేది అదే.

కొత్తగా వచ్చిన బాక్సుని మొదటి ఏడాదే కొనొద్దని నేననేది ఇందుకే. జెడ్ఎఫ్ తొమ్మిది గేర్ల 9హెచ్‌పీ స్ప్రెడ్ 9.8 దాకా ఉంటుంది, కాగితం మీద చూస్తే కళ్లు చెదురుతాయి. అడ్డంగా బిగించే ఇంజన్ పక్కన చోటు చాలదు కాబట్టి అందులో రెండు చోట్ల మామూలు క్లచ్ ప్యాకులకి బదులు పళ్లతో కలుసుకునే డాగ్ క్లచ్‌లు పెట్టారు. పళ్లు కలవాలంటే రెండు వైపులా వేగం సరిగ్గా సరిపోవాలి. అది వచ్చిన కొత్తలో ఆ బండ్లకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఒకదాని వెనక ఒకటి ఇవ్వాల్సి వచ్చింది. మరోవైపు 8హెచ్‌పీ 2009 నుంచి బోలెడన్ని కంపెనీల బండ్లలో నడుస్తోంది. దాని రోగాలు మాకు తెలుసు, మందులూ తెలుసు. ఎన్ని గేర్లని అడిగేముందు ఎన్నేళ్ల నుంచి ఉందని అడగండి.

రిపేరు విషయంలో ఒక్క మాట. పాత నాలుగు గేర్ల బాక్సుని మంచి మెకానిక్ ఎవరైనా మామూలు పనిముట్లతో నిలబెట్టేవాడు. ఇప్పుడు చాలావాటిలో వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో మళ్లించే దిమ్మ), కంప్యూటర్ ఒకే ముక్కగా ఆయిల్లో మునిగి ఉంటాయి. మెకట్రానిక్ అంటాం. అది పోతే ఇంకో బండిలోది తీసి పెడితే సరిపోదు, ఈ బండికి కోడింగ్ చేయాలి. ఆ పని చేయగల చోటు మీకు అందుబాటులో ఉందో లేదో కొనేముందే కనుక్కోండి. ఆరు గేర్లదానికైనా ఇది వర్తిస్తుంది, గుర్తుంచుకోండి.

రోడ్డు మీద

టెస్ట్ డ్రైవ్‌కి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే నాకు అనుమానమే. బ్రేక్ మీద కాలుంచి పార్క్ నుంచి రివర్స్‌కి, అక్కడి నుంచి డ్రైవ్‌కి మార్చండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు మెత్తగా పట్టుకోవాలి. ఆలస్యమైనా, ధడేల్మన్నా మనసులో రాసుకోండి.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం, సేల్స్‌వాళ్లు ఎప్పుడూ చేయించనిది. బండిని 10, 15 కిలోమీటర్ల వేగానికి తగ్గించి, పూర్తిగా ఆపకుండా, మళ్లీ యాక్సిలరేటర్ మెత్తగా నొక్కండి. సిగ్నల్ దగ్గర ముందు బండ్లు కదిలినప్పుడు మనం చేసేది ఇదే. ఆగుతాడేమోనని కిందికి దిగుతున్న గేర్‌బాక్సుకి పొమ్మని ఒక్కసారిగా ఆర్డరు వస్తుంది. గేర్లు ఎక్కువున్న బాక్సు ఇక్కడే తడబడుతుంది: ఒకటా, రెండా, మూడా? ఒక్క క్షణం ఆలోచించి, తర్వాత కుదుపుతో పట్టుకుంటుంది. దీన్ని పదిసార్లు చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఐదు, అరగంట నడిపి వేడెక్కాక ఐదు.

మూడోది 60 దగ్గర నిలకడగా పోతూ యాక్సిలరేటర్ సగానికి నొక్కడం. ఓవర్‌టేక్ చేయబోతున్నట్టు అనుకోండి. గేరు దిగి బండి నిజంగా ముందుకు దూకడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఎనిమిది, పది గేర్ల బాక్సులు నాలుగైదు మెట్లు ఒక్కసారే దిగాలి. మంచివి ఒకే దూకులో దిగుతాయి. బాగోలేనివి రెండు విడతల్లో దిగుతాయి, మధ్యలో మీరు అవతలి లేన్లో వేలాడుతుంటారు. ఆ టెన్షన్ మీకే తెలియాలి.

పాత బండి కొంటుంటే ఇంకో పరీక్ష ఉంది. 60, 80 మధ్య చిన్న ఎత్తు ఎక్కుతూ కాలు నిలకడగా ఉంచండి. రోడ్డు మీద సన్న గీతలున్నట్టు వణుకు వస్తే కాలు తీయకుండానే ఎడమ కాలితో బ్రేక్ పెడల్ని తాకీ తాకనట్టు తాకండి. లైటు వెలిగేంత చాలు. వెనకెవరూ లేనప్పుడే చేయండి. చాలా బండ్లలో బ్రేక్ తాకగానే టార్క్ కన్వర్టర్ లాకప్ విడిపోతుంది. వణుకు అదే క్షణం ఆగిపోతే తప్పు టైర్లలో కాదు, లాకప్‌లో. ఆయిల్ మారిస్తే పోవచ్చు, పోకనూ పోవచ్చు. బేరం ఆడేటప్పుడు పోదనే అనుకోండి.

ఇక పెన్సిలు పని. పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, మీరు రోజూ వెళ్లే దారిలోనే అరగంట నడపండి. పది సెకన్లకోసారి ఏ గేర్లో ఉన్నారో చూసి ఆ గడిలో ఒక గీత గీయాలి. డ్రైవ్‌లో గేరు నంబరు చూపించని బండ్లు ఉంటాయి, వాటికి ఓబీడీ ప్లగ్గు (బండి కంప్యూటర్ సమాచారం చదవడానికి స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చేది), ఫోన్ యాప్ చాలావరకు పనిచేస్తాయి. అరగంటకి 180 గీతలు. మా వాడు వాళ్లావిణ్ని కూర్చోబెట్టి గీయించాడు. రోజూ రానూపోనూ 26 కిలోమీటర్లు వాడి ప్రయాణం, సగం దూరం సిగ్నళ్లే. పది గేర్ల బండిలో ఎనిమిది, తొమ్మిది, పది, మూడూ కలిపి పడిన గీతలు పదకొండు. మిగతావన్నీ కిందే. "అక్కా తమ్ముళ్లలా మూడు, నాలుగు, ఐదు ఒకదాన్నొకటి వదలడం లేదు బాబాయ్, రాయలేక చచ్చాను" అని మా కోడలు నాకే ఫోన్ చేసి చెప్పింది. వాడికి మామయ్యనైతే తనకి బాబాయ్ ఎలా అయ్యానో అడక్కండి, అది పెళ్లికి ముందు నుంచీ ఉన్న పిలుపు.

ఆ గీతల కాగితమే అసలు జవాబు. పై గేర్లలో గీతలు పడకపోతే వాటికోసం మీరు ఇస్తున్నది దండగ. కాకపోతే ఒక మెలిక ఉంది. పై గేర్లు వాడకపోయినా పొట్టి మొదటి గేరు, అంటే రేషియో అంకె పెద్దగా ఉండి గట్టిగా లాగేది, మీకు రోజూ పనికొస్తుంది. అందుకే ముందు కాగితం లెక్క చేయమన్నాను. రెండు బండ్లలో మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపిన అంకె దగ్గరగా ఉంటే, సిటీలో మీకు ఆరుకీ పదికీ తేడా కనిపించదు.

ఇందాక వాయిదా వేసిన మాట. ఆ చివరి రెండు గేర్ల కొసరు లాభం ఎవరికి? తయారీ కంపెనీకి. లక్షల బండ్ల సగటు మైలేజీ, పొగ లెక్కలు ప్రభుత్వాలకి చూపించాల్సినవాళ్లకి ఒక శాతం కూడా పెద్ద విషయమే. మీ ఒక్క బండిలో ఆ శాతాన్ని టైర్లలో గాలి తగ్గితే చాలు, పోగొట్టుకుంటారు.

ఆయిల్ దగ్గర ఆగి

"ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోవక్కర్లేదు." ఒక సర్వీసు సెంటర్‌లో ఈ మాట నాకే చెప్పారు, నా పనేంటో తెలియక. ఎవరి లైఫ్‌టైమ్ అని అడిగితే నవ్వేశాడాయన. జెడ్ఎఫ్ స్వయంగా తన బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. బరువులు లాగేవాళ్లు, ఎండల్లో ట్రాఫిక్‌లో నిలబడేవాళ్లు ఇందులో చిన్న అంకె పట్టుకోండి.

గేర్లు పెరిగిన కొద్దీ ఆయిల్ పలచబడుతూ వచ్చింది. పది గేర్ల బాక్సులకి వాడేది పాతవాటితో పోలిస్తే నీళ్లలా ఉంటుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడు తప్ప "అన్నిటికీ పనికొస్తుంది" అని డబ్బా మీద రాసినది పోయించుకోవద్దు. పాన్ విప్పి దించితే సగానికి అటూఇటూగా మాత్రమే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. బాగా నల్లబడి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ ఒకసారి మార్చడం నా పద్ధతి.

లెవెల్ చూడటానికి ఈ బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు, పక్క ప్లగ్గు విప్పితే సన్నగా కారుతూ ఉండాలి. 8హెచ్‌పీకి ఆ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య. ఇది తెలిసి కూడా ఒకసారి నేను బోర్లా పడ్డాను. సాయంత్రమైపోయింది, బండి వాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు, స్కానర్‌లో 70 డిగ్రీలు చూపిస్తోంది. చల్లారేదాకా ఎవరు ఆగుతారని అలాగే సరిచూసి ప్లగ్గు బిగించేశాను. వేడికి ఉబ్బిన ఆయిల్ ప్లగ్గు దాకా వచ్చింది కాబట్టి నిండిందనిపించింది. రాత్రి చల్లారి కుంచించుకుపోయింది. తెల్లారి వాళ్లు రివర్స్ వేస్తే బండి కదల్లేదు, ఇంజన్ మాత్రం అరుస్తోంది. తగ్గిన ఆయిల్ పోస్తే సరిపోయింది గానీ, ఆ ఫోన్ కాల్ నేను మర్చిపోను. మీ బండికి ఆయిల్ మారుస్తుంటే పక్కన నిలబడి "ఇప్పుడు వేడి ఎంతుంది?" అని ఒక్కసారి అడగండి. స్కానర్ తీయకుండా జవాబు చెప్పే మనిషి దగ్గర్నుంచి వచ్చేయండి.

ఎవరికి ఏది

నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్ నుంచి మారుతున్నారా, ఆరుకైనా ఎనిమిదికైనా వెళ్లండి, ఆలోచించక్కర్లేదు. ఆరు, ఎనిమిది మధ్య తేల్చుకోవాలంటే గీతల కాగితం చూడండి. హైవే ఎక్కువైనా, బండి బరువైనా, ఘాట్ రోడ్లు ఎక్కాల్సి వచ్చినా ఎనిమిది. ఎనిమిదికీ పదికీ మధ్య అయితే గేర్లని పూర్తిగా పక్కన పెట్టి, రోడ్డు మీద ఏది తడబడలేదో అది తీసుకోండి. హైబ్రిడ్ అయితే ఈ గొడవ సగం తగ్గుతుంది, కింద లాగే పని మోటారు చూసుకుంటుంది. పూర్తి ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటికి ఒకే గేరు. పోర్షె టైకాన్ వెనక మోటారుకి మాత్రం రెండు పెట్టారు.

పదిహేనేళ్లు ఒకే బండి ఉంచుకునే అలవాటున్నవాళ్లకి ఇంకో సలహా: ఆ బాక్సు ఇంకా ఏయే బండ్లలో వస్తోందో చూడండి. పది మోడళ్లలో ఉన్నదానికి పదేళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరుకుతాయి, నాలాంటివాడికి దాన్ని విప్పిన అనుభవం ఉంటుంది.

మా వాడు ఆరు గేర్లదే తీసుకున్నాడు. పది గేర్ల బండి హైవే మీద వాడికి బాగా నచ్చింది. కానీ వేడెక్కాక సిగ్నల్ పరీక్షలో ఐదుకి మూడుసార్లు కుదిపింది, ఆరుది ఒక్కసారి కూడా కుదపలేదు. మొదటి గేరు లెక్కలో తేడా కూడా పెద్దగా లేదు. అంతా అయ్యాక, "మరి నీ బండికి ఎనిమిది గేర్లెందుకు మామయ్యా?" అని నిలదీశాడు. వారానికి రెండుసార్లు వెనక సీటు మడిచి, ఒక గేర్‌బాక్సు, పనిముట్ల పెట్టె వేసుకుని నాలుగు గంటలు హైవే మీద పోయేవాడిని నేను. నా కాగితం మీద ఎనిమిదో గడిలోనే గీతలు పట్టలేదు.

బండి ఇంటికొచ్చిన రోజు వాడు ఆ గీతల కాగితం డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాడు. నేను దాన్ని తీసి, వెనక్కి తిప్పి, "గేర్ ఆయిల్: 80,000 దగ్గర. చల్లారాక లెవెల్" అని రాసి మళ్లీ అక్కడే పెట్టాను.